తథాస్తు దేవతలూ, నాలుగో పాటా

ఈ ఉగాదికి జరిగిన సంగతి. షాంటిలీలో ఓ స్కూలు కెఫెటేరియా అద్దెకి తీసుకుని పండగ చేసుకున్నాం. పంచాంగ శ్రవణం అయిపోయింది, పిల్లల డాన్సులు ఇంకా మొదలవలేదు, మైకు ఎప్పట్లాగే "హలో హలో" దగ్గరే ఆగిపోయింది. పులిహోర వరసలో నా ముందు ఓ పదహారేళ్ళ కుర్రాడు నిలబడి ఉన్నాడు. నల్ల టీ షర్టు. దాని మీద నీలం ఆకాశం, మెరుపులు, ఆ మెరుపుల మధ్య గాల్లో వేలాడుతున్న కరెంటు కుర్చీ. పైన మెటాలికా అని పేరు.

"ఏం నాన్నా, పండగ పూట ఈ చావు కుర్చీ ఏవిటి?" అన్నారు వడ్డిస్తున్న పెద్దాయన. ఆయన్ని మేమంతా బాబాయిగారనే పిలుస్తాం. మంచివారు. మంచు పడితే పక్కింటివాళ్ళ వాకిలి కూడా తనే తవ్విపెడతారు.

"అది ఒక బాండ్ తాతగారూ, అంతే" అన్నాడు వాడు.

"బాండైనా బాజా అయినా అశుభం అశుభమే కదా. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. వెళ్ళి తిరగేసి తొడుక్కుని రా, మా నాయనే."

కుర్రాడు వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ నేల వైపు చూసింది. వాడు బాత్రూముకి వెళ్ళి చొక్కా తిరగేసి తొడుక్కుని వచ్చాడు, కుట్లు పైకి కనిపిస్తూ. నేను పళ్ళెంలో పులిహోర వేయించుకుని వెళ్ళి కూర్చున్నాను. నోరెత్తలేదు.

ఆ రాత్రే మా వాట్సాప్ గుంపులో ఎవరో ఒక ఫార్వర్డు పడేశారు. ఇలాంటి సంగీతం పిల్లల్ని ఆత్మహత్యల వైపు నెడుతుందనీ, ఇంట్లో కనిపిస్తే తీసి పారెయ్యాలనీ దాని సారాంశం. కింద వరసగా దండాల బొమ్మలు. అక్కడా నోరెత్తలేదు. రెండుసార్లు మింగాను కాబట్టి ఇప్పుడు కొంచెం గట్టిగానే మాట్లాడతాను, ఏమనుకోవద్దు.

తెలియనివారి కోసం ముందు రెండు ముక్కలు. ఆ చొక్కా మీదిది మెటాలికా రెండో ఆల్బమ్ "రైడ్ ద లైట్నింగ్" అట్టమీది బొమ్మ. 1984 జులైలో విడుదలైంది. అంతకు ఏడాది ముందు వచ్చిన మొదటి ఆల్బమ్ "కిల్ ఎమ్ ఆల్" అంతా వేగం, కేకలు, కుర్రతనం. థ్రాష్ మెటల్ అనే బాణీకి పునాదులేసిన రికార్డుల్లో అదొకటి. రెండోదాన్ని 1984 ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోపెన్‌హాగెన్‌లో స్వీట్ సైలెన్స్ అనే స్టూడియోలో ఫ్లెమింగ్ రాస్ముసెన్‌తో కలిసి రికార్డు చేశారు. అప్పటికి పాడే జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కీ, డ్రమ్స్ వాయించే లార్స్ ఉల్రిక్‌కీ ఇరవయ్యేళ్ళు. గిటారు కర్క్ హామెట్‌కి 21, బేస్ గిటారు క్లిఫ్ బర్టన్‌కి 22. మన లెక్కలో బీటెక్ మూడో సంవత్సరం కుర్రాళ్ళన్నమాట.

ఎనిమిది పాటలు, నలభై ఏడు నిమిషాలు. మొదటిది అణుయుద్ధం. రెండోది కరెంటు కుర్చీలో కట్టేసిన మనిషి. మూడోది హెమింగ్వే నవలలోంచి తీసిన స్పెయిన్ అంతర్యుద్ధం, ఒక కొండ కోసం చచ్చిపోయే సైనికులు. నాలుగోది బతకాలని లేని మనిషి. ఐదోది మంచులో గడ్డకట్టించి ఉంచగా లోపల మెలకువ వచ్చేసిన మనిషి. ఆరోదాని గురించి తర్వాత చెబుతాను. ఏడోది బైబిల్లో ఈజిప్టువాళ్ళ ఇళ్ళలో తొలిచూలు బిడ్డల్ని ఎత్తుకుపోయిన మృత్యువు, కథ చెప్పేది కూడా మృత్యువే. ఎనిమిదోదానికి మాటల్లేవు, లవ్‌క్రాఫ్ట్ కథలో సముద్రం అడుగున పడుకున్న భూతం పేరు పెట్టారు.

కాబట్టి బాబాయిగారు అన్నది అక్షరాలా నిజం. అట్ట నుంచి అట్ట దాకా చావే. మంగళవాద్యం అని నేనూ అనను. నా తగాదా అక్కడ కాదు. చావు గురించి మాట్లాడితే చావొస్తుంది, మాట్లాడకుండా ఉంటే రాదు అంటున్నారు చూడండి, అక్కడ.

అసలు మనకీ పట్టింపు ఎప్పణ్ణించి వచ్చిందండీ? మా అమ్మమ్మగారి ఊళ్ళో హరిశ్చంద్ర నాటకం వేస్తే జనం తెల్లవారేదాకా చాపల మీంచి లేచేవారు కాదట. ఎందుకు? కాటి సీను కోసం. బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి నాటకంలోకి జాషువాగారి శ్మశానం పద్యాలు తెచ్చి కలుపుకుని, హరిశ్చంద్రుడు కాటికాపరి వేషంలో కర్ర పట్టుకుని నిలబడి హార్మోనియం శ్రుతి మీద రాగాలు తీస్తుంటే, పద్యం అయీ అవకముందే "వన్స్ మోర్" అని కేకలు. డి.వి. సుబ్బారావుగారి గొంతులో ఆ పద్యాలు ఈనాటికీ జనం వెతుక్కుని వింటారు. శవాల గురించి, అర్ధరాత్రి, ఊరి నడిబొడ్డున, రెండోసారి పాడించుకుని మరీ విన్న జాతి మనది. బాబాయిగారి నాన్నగారు కూడా ఆ చాపల మీద కూర్చునే ఉంటారు. ఆ రాత్రుళ్ళు తథాస్తు దేవతలు సెలవు పెట్టారా?

పోనీ దేవదాసు తీసుకోండి. 1953లో వచ్చిన సినిమా. ఒక మనిషి తనని తాను తాగి తాగి చంపుకోవడం రెండున్నర గంటల పైన చూపించారు. మన ఇళ్ళలో ఆడవాళ్ళూ మగవాళ్ళూ కొంగులూ తువ్వాళ్ళూ తడుపుకుంటూ చూశారు, ఘంటసాలగారి పాటలు బారసాలల్లో కూడా పాడుకున్నారు. అదే ఘంటసాలగారి గొంతులో కరుణశ్రీగారి పుష్పవిలాపం. కొయ్యబోతే పువ్వు నోరు విప్పుతుంది. చంపబోయేవాణ్ణి, చావబోయేది నిలదీస్తుంది. ఎంత సుకుమారంగా ఉన్నా జరిగేది అదే. రెండో పాటలో కుర్చీకి కట్టేసిన మనిషి చేసేదీ అంతకంటే వేరు కాదు. కాకపోతే వాడు పువ్వంత మర్యాదగా అడగడు.

అంటే మనకి చావు పాటలంటే భయం లేదు. తెలియని చప్పుడంటే భయం. దానికి శాస్త్రం ముసుగు వేస్తున్నాం. "ఈ గోల నాకు నచ్చదురా అబ్బాయ్" అంటే సరిపోయేది. అది నిజాయితీ గల మాట, మా ఆవిడ రోజూ అంటుంది.

ఇంకో సంగతి. మేం పండగ చేసుకున్న స్కూలు నుంచి కారులో కాసేపు వెళితే ఉద్వార్-హేజీ మ్యూజియం. డల్లస్ విమానాశ్రయం పక్కనే, షాంటిలీలోనే. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే మొదటి శనివారం మనమంతా తీసుకెళ్ళేది అక్కడికే కదా (లోపలికి ఉచితం, పార్కింగుకే డబ్బులు, ఎండా చలీ ఉండవు, కూర్చోడానికి బల్లలుంటాయి). అందులో నడిమధ్యన తళతళా మెరుస్తూ ఒక బీ-29 విమానం ఉంటుంది. ముక్కు దగ్గర ఎనోలా గే అని పేరు. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన విమానం, నమూనా కాదు, అదే. 2003 డిసెంబరులో మ్యూజియం తెరిచినప్పుడు జపాన్ నుంచి బాంబు దెబ్బతిని బతికినవాళ్ళు వచ్చారు, పక్కన పెట్టిన ఫలకంలో రెక్కల పొడుగూ ఇంజన్ల వివరాలూ ఉన్నాయి గానీ చచ్చినవాళ్ళ మాట ఏదీ అని అడిగారు. ఆ ఏడాది చివరికి హిరోషిమాలో దాదాపు 1,40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా.

దాని కింద నిలబడి మనం తీసుకున్న ఫోటోలు ఎన్ని? చంకలో పాప, పాప నెత్తిన ఎర్ర బొట్టు, వెనకాల ఎనోలా గే. మా ఇంట్లోనూ ఉంది ఒకటి, ఫ్రేము కట్టించి. ఎవరైనా అశుభం అన్నారా? చొక్కా తిరగెయ్యమన్నారా? ఆల్బమ్ మొదటి పాట "ఫైట్ ఫైర్ విత్ ఫైర్" ఆ ఫలకం మీద రాయని సంగతే. మొదట చిన్నపిల్లల్ని నిద్రపుచ్చే తీరులో మెత్తటి గిటారు, ఓ అరనిమిషం. ఆ తర్వాత హఠాత్తుగా ఆకాశం బద్దలైనట్టు. రేగన్ కాలంలో, రెండు దేశాలు ఒకదానికొకటి గురిపెట్టుకుని కూర్చున్న రోజుల్లో ఇరవయ్యేళ్ళవాడు అలా కాక ఇంకెలా పాడతాడు, హిందోళంలోనా?

కుర్చీ సంగతి కూడా చెప్పుకుందాం, ఎలాగూ మొదలుపెట్టాం కాబట్టి. అది బొమ్మలో కుర్చీ మాత్రమే కాదు. మన వర్జీనియా 1908లో కరెంటు కుర్చీ తెచ్చుకుంది. ఈ ఆల్బమ్ వచ్చిన ఏడాదే అక్టోబరు 12న రిచ్‌మండ్ జైల్లో ఒకణ్ణి అందులో కూర్చోబెట్టింది. చివరిసారి వాడింది ఎప్పుడో తెలుసా? 2013 జనవరిలో. మరణశిక్షని రద్దు చేస్తూ గవర్నర్ సంతకం పెట్టింది 2021 మార్చి 24న. 2013 నాటికి మాలో సగంమంది ఇక్కడ ఇళ్ళు కొనుక్కుని రాష్ట్రానికి పన్నులు కడుతున్నాం. ఆ కరెంటు బిల్లులో మన వాటా కూడా ఉందన్నమాట. కుర్చీని నడిపిన డబ్బు శుభమా, కుర్చీ బొమ్మ అశుభమా? చచ్చినవాడు ఎంత దుర్మార్గుడైనా కావచ్చు, నేనిక్కడ వాడి వకాల్తా పుచ్చుకోవడం లేదు. బొమ్మ వేసినవాడి మీద పడకండి అంటున్నాను, అంతే.

సరే, ఇప్పుడు నాలుగో పాట. "ఫేడ్ టు బ్లాక్". ఫార్వర్డులో భయపెట్టింది దీన్నే.

1984 జనవరిలో బోస్టన్‌లో ఈ కుర్రాళ్ళ సామానంతా దొంగలెత్తుకుపోయారు. హెట్‌ఫీల్డ్‌కి ప్రాణమైన ఆంప్లిఫయర్ కూడా పోయింది. చేతిలో డబ్బుల్లేవు, ఉండటానికి ఇల్లు లేదు, ఎవరింట్లోనో తలదాచుకుంటున్నారు. ఆ దిగులులో రాసిన పాట అని అతనే చెప్పాడు. దిగులు సామాను కోసమే అని నేననుకోను. వాళ్ళ ఇంట్లో మతం మందులు వద్దంటుంది, క్రిస్టియన్ సైన్స్. చిన్నప్పుడే తండ్రి ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. తల్లికి క్యాన్సర్ వచ్చింది, వైద్యం చేయించుకోలేదు, అతని పదహారో ఏట పోయింది. జబ్బు పేరు ఎత్తకూడని ఇంట్లో పెరిగినవాడు దాదాపు నాలుగేళ్ళకే మైకు ముందు నిలబడి, నాకు బతకాలని లేదు అని పాడాడు. నాకైతే ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

పాట ఏడు నిమిషాలకి మూడు సెకన్లు తక్కువ. మెత్తటి గిటారుతో మొదలై, మెల్లగా బరువెక్కి, వీడ్కోలుతో మాటలు అయిపోతాయి. ఓదార్పు ఏమీ లేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. చివర్లో దేవుడు రాడు, అమ్మ రాదు, కౌన్సెలర్ రాడు. అయితే మాటలు అయిపోయాక కూడా దాదాపు రెండు నిమిషాలు గిటారు ఆగదు. హామెట్ సోలో అది. ఎక్కుతూ ఎక్కుతూ పోతుంది. పోయిన మనిషి కోసం ఏడ్చేవాడు ఏడుస్తున్నట్టు ఉంటుంది నాకు. నచ్చకపోతే పోనీండి, నా చెవులు నావి.

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1990ల మధ్యలో ఇంటర్మీడియట్‌కి నన్నో రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. పేరక్కర్లేదు, ఏదైనా ఒకటే. గదికి ఎనిమిది మంచాలు, పొద్దున్న అయిదింటికి గంట, ఆదివారం ఉదయం పరీక్ష, సాయంత్రం ర్యాంకుల పట్టిక. నా పక్క మంచం కుర్రాడు ఇళయరాజా పాటలు ఈల వేసేవాడు, నాకు ఆర్గానిక్ కెమిస్ట్రీ నేర్పేవాడు. రెండో ఏడు జనవరిలో ఒక సోమవారం తెల్లవారేసరికి లేడు. మేం ట్యుటోరియల్‌కి వెళ్ళి వచ్చేసరికి పరుపు తీసేశారు. ఇంటికి ఉత్తరాలు రాస్తే "ఊరెళ్ళాడు" అని రాయమన్నారు. గదిలో శాంతి హోమం చేయించి మాకు ప్రసాదం పంచారు. బుధవారం మ్యాథ్స్ పరీక్ష మామూలుగా జరిగింది. ఆ తర్వాత మిగిలిన రెండు నెలలూ మేం ఏడుగురం అదే గదిలో పడుకున్నాం, ఒక్కసారి కూడా వాడి పేరెత్తలేదు. అశుభం కదా.

రెండేళ్ళ తర్వాత హైదరాబాదులో ఇంజనీరింగ్ సీనియర్ ఒకడు ఈ ఆల్బమ్ రికార్డు చేసిచ్చాడు. తొంభై నిమిషాల క్యాసెట్టులో ఒక పక్క నలభై అయిదు నిమిషాలే పట్టేది కాబట్టి ఎనిమిదో పాట చివర టక్కున తెగిపోయేది. అది అలాగే ఉంటుందేమో అనుకున్నాను చాలాకాలం. మొదటిసారి విన్నప్పుడు ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. సీనియర్ నోట్సు కాగితం మీద మాటలు రాసిచ్చాడు. నాలుగో పాట కాగితం చూస్తూ విన్నాను. చావాలనుకుంటున్న మనిషి "నేను" అని తనంతట తాను మాట్లాడగా వినడం నాకదే మొదలు. వాడి ఈల గుర్తొచ్చింది. ఆ రాత్రి హాస్టలు మేడ మీద కూర్చుని ఆ సీనియర్‌కి వాడి పేరు చెప్పాను. రెండేళ్ళలో మొదటిసారి. హోమం చెయ్యలేని పని ఆ క్యాసెట్టు చేసింది.

ఇదేదో నా ఒక్కడి పిచ్చి కాదు. ఆ పాట విని చావు ఆలోచన మానుకున్నామని అభిమానులు రాసిన ఉత్తరాలు లెక్కలేనన్ని వచ్చాయని ఆ బాండువాళ్ళే చాలాసార్లు చెప్పారు.

మరి చెడగొడుతుందన్నవాళ్ళ సాక్ష్యమేమిటి? మనకంటే ముందే అమెరికా తల్లిదండ్రులు ఈ పంచాయతీ పెట్టారు. 1985 సెప్టెంబరు 19న, ఇక్కడికి ముప్ఫై మైళ్ళ లోపు, వాషింగ్టన్ సెనేట్ భవనంలో విచారణ జరిగింది. టిప్పర్ గోర్ వగైరా పెద్దింటి ఆడవాళ్ళు ఒకవైపు, ఫ్రాంక్ జాపా, జాన్ డెన్వర్, డీ స్నైడర్ ఇంకోవైపు. చివరికి తేలింది క్యాసెట్ల మీద ఒక హెచ్చరిక స్టిక్కరు. (మా రోజుల్లో ఆ స్టిక్కరున్న క్యాసెట్టే ముందు అమ్ముడుపోయేది.) 1990లో నెవాడాలో జూడాస్ ప్రీస్ట్ మీద కేసు నడిచింది, ఇద్దరు కుర్రాళ్ళ చావుకి వాళ్ళ పాటలో దాచిపెట్టిన మాట కారణమని. జడ్జిగారు అన్నీ విని కొట్టేశారు.

ఒక మాట ఒప్పుకుంటాను. ఆత్మహత్యల వార్తల్లో ఎలా చేసుకున్నారో వర్ణించి, బొమ్మలేసి, మొదటి పేజీలో పెడితే అనుకరించేవాళ్ళు పెరుగుతారన్నది పరిశోధకులు తేల్చిన విషయమే. కాబట్టి ఏదైనా ఎలాగైనా మాట్లాడొచ్చని నేనడం లేదు. కానీ ఆ పరిశోధకులే ఇంకోటీ చెబుతున్నారు: మనసు బాగాలేని మనిషిని "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. బాబాయిగారి ఫార్వర్డులో ఈ రెండో ముక్క లేదు.

మనవాళ్ళు లెక్కలంటే నమ్ముతారు కదా, 2019 ఏప్రిల్ గుర్తుచేసుకోండి. తెలంగాణ ఇంటర్ ఫలితాలొచ్చాయి. మూడు లక్షలమందికి పైగా ఫెయిలన్నారు. తెలుగు పేపర్లో 99 రావాల్సిన అమ్మాయికి సున్నా వేశారు. ఫలితాల తర్వాత కొద్దిరోజుల్లోనే ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఒక్కో చావు వెనకా కారణాలు ఎన్నుంటాయో బయటినుంచి మనం చెప్పలేం. కానీ వాళ్ళ గదుల్లో కరెంటు కుర్చీ పోస్టర్లున్నాయని మాత్రం ఎవరూ రాయలేదు. మార్కుల మెమోల గురించి రాశారు. మరి మెమోలు ఇంట్లోంచి తీసి పారెయ్యమని ఎవరైనా ఫార్వర్డు పెట్టారా? పైగా ఆ గందరగోళంలో సాఫ్ట్‌వేర్ తప్పులు కూడా ఉన్నాయి. మన వృత్తే. నల్ల చొక్కాలు కాదు, నీలం చొక్కా, మెళ్ళో బ్యాడ్జీ వేసుకునేవాళ్ళం చేసే పని.

ఇంతసేపూ బాబాయిగార్ని అన్నాను కాబట్టి రెండో పక్షాన్ని వదిలేస్తే అన్యాయం. మెటల్ భక్తులున్నారే, వాళ్ళు. నాలుగో పాటలో మెత్తటి గిటారు వినపడగానే 1984లోనే వాళ్ళు "అమ్ముడుపోయారు" అన్నారు. ఇప్పటికీ అనేవాళ్ళున్నారు, మా ఆఫీసులోనే ఒకడు. వేగం తగ్గితే ద్రోహం, గొంతు తగ్గితే ద్రోహం. ఇదీ ఆచారమే, మడీ తడీ వేరు, అంతే. నిజానికి తిట్టాలంటే తిట్టాల్సింది ఆరోది, "ఎస్కేప్". రేడియోలో వేస్తారన్న ఆశతో కట్టినట్టుంటుంది. వాళ్ళకే నచ్చక 2012 దాకా కచేరీల్లో ఒక్కసారి కూడా వాయించలేదు. అది వదిలేసి నాలుగోదాని మీద పడ్డారు. ఎందుకంటే కోపం చూపించడం మగతనం, దిగులు చూపించడం కాదు. ఈ ముక్క దగ్గర భక్తులకీ మా వార్డెనుకీ తేడా లేదు.

(క్లిఫ్ బర్టన్ గురించి రాద్దామనుకున్నాను. శ్రుతులూ స్వరమేళనాలూ మిగతావాళ్ళకి నేర్పింది అతనే, మూడో పాట మొదట్లో ఎలక్ట్రిక్ గిటారనుకునేది అతని బేసే. రెండేళ్ళకి, 1986 సెప్టెంబరులో, స్వీడన్‌లో బస్సు బోల్తాపడి 24 ఏళ్ళకి పోయాడు. ఇంకోసారి రాస్తాను.)

ఇక ఆ కుర్రాడు. పండగైన వారానికి ఇండియన్ కొట్టు ముందు పార్కింగులో కనిపించాడు, వాళ్ళమ్మ లోపల కూరలు ఏరుతోంది, వీడు కారుకి ఆనుకుని నిలబడ్డాడు. అదే చొక్కా, ఈసారి సరిగ్గా తొడుక్కున్నాడు. ఏ పాట ఇష్టమని అడిగాను. "నాలుగోది అంకుల్" అన్నాడు. కాసేపు ఊరుకున్నాను. ఇన్నేళ్ళ అలవాటు, నోరు రాదు. ఆ తర్వాత అడిగేశాను, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా అని. తెలుగులోనే అడిగాను, ఇంగ్లీషులో అయితే నాది కానట్టుంటుందని.

వాడు నా వైపు కొంచెం వింతగా చూశాడు. "ఇప్పుడు లేదంకుల్. లాస్టియర్ ఉండేది. ఎవరూ అడగలేదు."

మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. ఏం మాట్లాడుకున్నామో వాడిదీ నాదీ. వాళ్ళమ్మకి చెబుదాం అంటే ఒప్పుకున్నాడు, నన్ను పక్కనుండమన్నాడు. ఉన్నాను. 988కి ఫోను చెయ్యొచ్చని, మెసేజి కూడా పెట్టొచ్చని వాడికి ముందే తెలుసు, స్కూల్లో చెప్పారట. మనకే తెలియదు. (ఇండియాలో ఉన్నవాళ్ళకి టెలీ మానస్, 14416. తెలుగులోనూ మాట్లాడతారు. రాసిపెట్టుకోండి.)

బాబాయిగారూ, ఇది మీకు పంపిస్తాను, మీరు చదువుతారనీ తెలుసు. మీమీద నాకు కోపం లేదు. మీరు ఆ రోజు వాణ్ణి చొక్కా తిరగెయ్యమన్నారు, నేను పులిహోర తింటూ కూర్చున్నాను. ఇద్దరిలో ఎవరిది పెద్ద తప్పో నేను తేల్చుకోలేకపోతున్నాను. వచ్చే ఉగాదికి వాడు అదే చొక్కాతో వస్తానన్నాడు. వడ్డించేది మళ్ళీ మీరే అట కదా. వాడికి పోపులో వేరుశనగలు కాస్త ఎక్కువ పడాలి, చూసి వెయ్యండి.